డాక్టర్లు నిలవాలంటే బాండు బిగించాలి

ప్రభుత్వాసుపత్రుల్లో కుర్ర డాక్టర్లు నిలవడం లేదని ఈ మధ్య అందరూ తెగ బాధపడిపోతున్నారు. వాళ్లను నిలబెట్టే మందు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు బాండు. సీటు తీసుకున్న రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో పెట్టించి, మధ్యలో వెళ్లిపోతే లక్షల్లో కట్టాలని సంతకం చేయించుకుంటే ఇక ఎక్కడికి పోతారు? మనిషి ఉన్నా మనసు ఉండదంటారా? మనసుకు బయోమెట్రిక్ హాజరు లేదు, ఆసుపత్రికి దానితో పనీ లేదు.

పీజీ సీటు వదిలితే జరిమానా కట్టించుకునే పద్ధతి మానేయండి, పిల్లలు నలిగిపోతున్నారు అని 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. కమిషన్‌కేం, ఢిల్లీలో కూర్చుని ఎన్నైనా చెబుతుంది. జరిమానా తీసేస్తే రాత్రి క్యాజువాలిటీలో ఎవరుంటారో అది చెప్పలేదు.

ఇంతకీ వీళ్ల గోల ఏమిటయ్యా అంటే, నిద్ర లేదట. రెసిడెంట్ల, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే డాక్టర్ల, డ్యూటీ మామూలుగా వరుసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 పీజీ నిబంధనల్లో ఆ అంకెల తలనొప్పి తీసేసి, పని గంటలు సహేతుకంగా ఉంటే చాలన్నారు. 2024లో కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు దాటొద్దంది. ముప్పై ఏళ్లలో 48 నుంచి 74కి ఎదిగాం. వారానికి 168 గంటలే ఉన్నాయి కాబట్టి ఈ ప్రగతి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, అదొక్కటే నా విచారం.

పైగా విశ్రాంతికి డ్యూటీ డాక్టర్ల గది ఇచ్చాం కదా! నేను చూసిన గదిలో నలుగురికి ఒక ఇనుప మంచం ఉంది. రెక్సిన్ చిరిగి పీచు బయటికొచ్చిన పరుపు ఉంది. బాత్రూమ్ తలుపుకు గొళ్లెం లేదు. సెలైన్ గొట్టం ఒక కొస తలుపు కన్నంలో దూర్చి ముడేసి, రెండో కొస లోపల కొళాయికి కట్టుకుంటున్నారు. అమ్మాయిలు వెళ్తే బయట ఇంకొకరు కాపలా. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టర్ హత్య తర్వాత దేశమంతా అట్టుడికింది, సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఈ గొళ్లెం మాత్రం ఇంకా ఇండెంటు దశలోనే, అంటే కావాలని రాసిన కాగితం మీదే ఉంది.

రాత్రి రెండింటికి ఆ గదిలోంచి లేచిన పీజీ తనే రక్తం తీసి, తనే ల్యాబ్‌కి పట్టుకెళ్లి, వార్డుబాయ్ కనపడకపోతే తనే స్ట్రెచర్ తోస్తాడు. ఈలోగా పేషెంటు బావమరిది ఫోను చెవికి ఆనిస్తాడు: "కార్పొరేటర్ గారు లైన్లో ఉన్నారు, మాట్లాడండి సార్." మాట్లాడితే ట్రీట్‌మెంట్ ఆలస్యమైందని తిడతారు, మాట్లాడకపోతే పొగరని కొడతారు. కొడితే మూడేళ్ల జైలు, 50 వేల జరిమానా దాకా పడుతుందని ఆసుపత్రి సిబ్బందిపై దాడులను అడ్డుకునే 2008 చట్టం చెబుతోంది. ఆ బోర్డు గోడకే ఉంది. చొక్కా పట్టుకునేది సరిగ్గా దాని కిందే.

ఇక స్టైపెండ్. నెలనెలా టైముకి ఇవ్వండి మహాప్రభో అని 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మెకు దిగాల్సి వచ్చింది. బిల్లు ఎక్కడా ఆగకుండా డబ్బు నేరుగా పడే గ్రీన్ ఛానల్ కావాలట! ఒకటో తారీఖున డబ్బు పడితే కుర్రాళ్లకు సినిమాలూ షికార్లూ అలవాటవుతాయి. ఆలస్యంగా ఇస్తే ఇంట్లో అడిగి తెచ్చుకుంటారు, కుటుంబ బంధాలు గట్టిపడతాయి.

బ్రిటన్ వెళ్తే సుఖమని, అక్కడ డాక్టరుగా చేరడానికి రాసే ప్లాబ్ పరీక్ష పుస్తకాలు పట్టుకు తిరిగేవాళ్లకూ ఒక మాట. అక్కడి జూనియర్లు జీతాల కోసం 2023 మార్చిలోనే సమ్మె కట్టారు. కాకపోతే అక్కడ బీరువా లేదు.

అందుకే నా సూచన. బాండు గడువు తీరిన రోజు సర్టిఫికెట్లిచ్చే గుమస్తా గారు తాళంచెవితో సహా సెలవులో ఉండాలి. ఆయన వచ్చాక బాకీల్లేవని చెప్పే నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ సంతకం లేదనాలి. లైబ్రరీకి వెళ్తే హాస్టల్ సంతకం ముందు కావాలనాలి. ఈలోపు ఖాళీగా తిరగడం ఎందుకని రెండు నైట్ డ్యూటీలు వేయాలి. ఇది ప్రభుత్వానికి పంపిద్దామని ఒక సీనియర్ రెసిడెంట్‌కు చూపించాను. చదివి, "ఇందులో కొత్తేముందండీ? గుమస్తా గారు సోమవారం నుంచి సెలవే" అన్నాడు.