ఆ మూలలోనే పోస్తాయట!

బర్మింగ్‌హామ్‌లో నాకు రెండు డెగూలు అమ్మిన షాపు కుర్రాడు, బిల్లు కొడుతూ ఒక మాటన్నాడు: "చాలా నీటైన జంతువులు సార్, బోనులో ఓ మూల ఈ టాయిలెట్ పెట్టండి, వారంలో అలవాటు పడిపోతాయి." నాలుగేళ్లయింది. ఆ వారం ఇంకా రాలేదు.

డెగూ అంటే చిలీ దేశపు జీవి. ఎలుక ఒళ్లు, కుచ్చు తోక, నారింజ రంగు పళ్లు. (ఆ పళ్లు చూసి మా అమ్మ గుట్కా అలవాటేమో అనుకుంది గానీ, ఆ రంగుంటేనే అవి ఆరోగ్యంగా ఉన్నట్టు.) 1782లో మొలినా అనే చిలీ పాదిరీ దీన్ని ఉడతల్లో కలిపేశాడు. ఆయనది పొరపాటు. మా కుర్రాడిది వ్యాపారం.

సదరు టాయిలెట్ మూడు మూలల నీలం ప్లాస్టిక్ తొట్టి. అప్పుడే తెనాలి నుంచి వచ్చి ఉన్న అమ్మ, "ఏ మూల పెడుతున్నావురా? ఈశాన్యం మాత్రం వద్దు" అంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, బోనును అటూ ఇటూ తిప్పి, వాయవ్యంలో ప్రతిష్ఠించాం. ఆదివారం పొద్దున నేను, నా భార్య, పాప, అమ్మ, నలుగురం కుర్చీలేసుకుని కూర్చున్నాం. పెద్ద డెగూ వచ్చింది. తొట్టి అంచు వాసన చూసింది. లోపలికి దిగి ఒక చుట్టు తిరిగి, కుదురుగా కూర్చుంది. పాప "ష్‌ష్" అంది. గోధుమ గింజలంత నల్లటివి నాలుగు రాలాయి. మా ఆవిడ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తింది కూడా. అంతలో అది వంగి, అందులో ఒకటి రెండు చేతులతో తీసుకుని, వేరుశనక్కాయ తిన్నట్టు నింపాదిగా నమిలింది. తర్వాత రెండోది. గడ్డిలో సారం ఒక్క విడతలో ఒంటబట్టదు కాబట్టి కొన్నిటిని అవి మళ్లీ తింటాయట, మాకా సంగతి ఎవడూ చెప్పలేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి అమ్మే అంది, "పోన్లే, తొట్టి అయితే శుభ్రంగానే ఉంది."

మధ్యాహ్నానికి చిన్నది ఆ తొట్టిలోకి ఎండుగడ్డి మోసుకెళ్లి పక్క పరుచుకుని పడుకుంది. ఉచ్చ మాత్రం, పడుకోవడానికని కొన్న చెక్క ఇంట్లో పోసింది. మూడో వారానికి తొట్టికి ఒక గోడ లేదు, కొరికేశాయి. ప్లాస్టిక్ ముక్క పేగుకు అడ్డం పడుతుందన్న భయంతో నేనే తీసి పారేశాను.

అసలు సంగతేమిటంటే, పెంటికలకు వాటి దగ్గర ట్రైనింగ్ అనే మాటే లేదు, నడుస్తూ, తింటూ, మిమ్మల్ని ప్రేమగా చూస్తూ కూడా రాలుస్తాయి. ఉచ్చ కొంత నయం, చోటు అవే ఎంచుకుంటాయి, ట్రే పట్టుకుని వాటి వెనకాల మనం వెళ్లాలి. మావి స్నానానికి పెట్టిన ఇసుక గిన్నెను ఎంచుకున్నాయి. అందులోనే పొర్లుతాయి, అందులోనే పోస్తాయి. నేను పిండి జల్లెడతో ఆ ఇసుక జల్లిస్తుంటే అమ్మ చూసి, "నీ గుడ్డలు ఉతికాను గానీ జల్లించలేదురా" అని లోపలికెళ్లిపోయింది.

పోనీ అంతా కడిగేద్దామా అంటే అదీ కుదరదు. డెగూ కంటికి అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది, తాజా ఉచ్చ ఆ కాంతిలో మెరుస్తుంది. మనకది మరక, వాటికది నోటీసు బోర్డు. ఒక శనివారం బోనంతా వాసన లేకుండా తోమేశాను, సాయంత్రానికి రెండూ కలిసి అన్ని నోటీసులూ మళ్లీ అతికించాయి. ఇప్పుడు అరలు వెనిగర్ నీళ్లతో తుడిచి, పాత గడ్డి గుప్పెడు అట్టే వదిలేస్తున్నా.

ఇదంతా ఎలాగోలా భరిస్తాం. మొన్న అదే షాపుకి వెళ్తే, ఇనుప ఊచల అడుగున్న చిన్న బోనులో ఒక్కటంటే ఒక్క డెగూని పెట్టారు. గుంపులో బతికే జంతువది! "క్లీనింగ్ ఈజీ సార్, అన్నీ కిందకి రాలిపోతాయి" అన్నాడు. రాలతాయిరా, ఆ ఊచల మీద నడిచి నడిచి దాని పాదాలు పుండ్లు పడితే ఎవడు చూస్తాడు? పక్కన తేనె పూసిన గింజల కడ్డీలు, పైన డెగూ బొమ్మ. చక్కెర అరాయించుకోలేని ఒంటికి తేనె! మా వీధిలో ఒకరి డెగూకి ఇలాంటివి తినీ తినీ షుగరొచ్చింది, మూడేళ్లకే రెండు కళ్లలోనూ పాలచుక్కల్లా తెల్లగా శుక్లాలు. పిలిస్తే గొంతు వినిపించిన వైపు వస్తుంది, వచ్చి గోడకి గుద్దుకుంటుంది. ఆ కడ్డీ ప్యాకెట్ మీద ఒక్క హెచ్చరిక లేదు. సిగ్గులేని జన్మలు! శుభ్రం గురించి వీళ్లా మనకు చెప్పేది?

ఉండండి, పెద్దది ఇసుక గిన్నెలోకి దిగింది. పొర్లడానికో, పొయ్యడానికో తేలేదాకా నేనీ కుర్చీలోంచి లేవను.