ఏ చిలుక, పిన్నీ? ఆ వాట్సాప్ మెసేజ్‌కు నా జవాబు

పది రోజులుగా మా చుట్టాల గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఇంట్లో చిలుకను పెంచితే కలిగే లాభాలు అని మొదలవుతుంది. పైన రామచిలుక బొమ్మ, కింద రంగురంగుల మకావ్ బొమ్మ. అందులో ఉన్నదంతా క్లుప్తంగా ఇదీ: చిలుక ఏదైనా ఒకటే. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకుంటే కేసులుండవు. ఫారిన్ చిలుకలకు కాగితాలే అక్కర్లేదు. మిరపకాయలు, జామకాయలు పెడితే చాలు. వస నాకిస్తే మాటలొస్తాయి. ఇంటి మీది దిష్టి అది లాగేసుకుంటుంది. పెంచలేకపోతే పంజరం తలుపు తీస్తే ఎగిరిపోయి హాయిగా బతుకుతుంది.

మొన్న మా పిన్ని కూడా దీన్నే పంపి, "మనవడి పుట్టినరోజుకి ఒక చిలుకను కొందామనుకుంటున్నా నాన్నా, నువ్వు పెంచుతున్నావుగా, ఏది మంచిదో చెప్పు" అని అడిగింది. పదకొండేళ్లుగా బడ్జీలు (మన ఊళ్లలో 'లవ్ బర్డ్స్' అని పిలిచే చిన్న చిలుకలు), ఆరేళ్లుగా కాకటీల్ అనే ఇంకో రకం విదేశీ చిలుకల జంట నా ఇంట్లో ఉన్నాయి. పిన్నికి ఫోన్లో చెప్పిందే, ఆ మెసేజ్ చదివిన మిగతా వాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

"పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి పెంచితే కేసు ఉండదు."

మెసేజ్ మొత్తంలో జనాన్ని నిజంగా ఇబ్బందుల్లో పడేసేది ఈ మాటే. మన జామతోటల్లో, గుడి గోపురాల కంతల్లో కనిపించే రామచిలుక వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నాలుగో షెడ్యూల్‌లో ఉన్న రామచిలుక ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లగా తెచ్చారా, పెద్దదాన్ని తెచ్చారా అన్న తేడా చట్టంలో ఎక్కడా లేదు. చిలక జోస్యం చెప్పేవాళ్ల చేతిలోని పక్షికీ ఇదే వర్తిస్తుంది.

బజారులో 'పహాడీ' అని అమ్మే పెద్ద చిలుక, అంటే భుజం మీద ఎర్రటి మచ్చ ఉండేది, అదీ మన దేశపు పక్షే, దానికీ ఇదే రక్షణ. మగదాని తల రేగుపండు రంగులో ఉండే చిన్న చిలుకా అంతే. నీలం, పసుపు రంగుల్లో వచ్చే రామచిలుకలను 'ఇది ఫారిన్ సార్' అంటూ అంటగడతారు. ఈకల రంగు మారినా జాతి అదే. చట్టంలో రాసుంది జాతి పేరు, రంగు కాదు. ఆంధ్రప్రదేశ్ అయితే 2018లో రామచిలుకనే తన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది.

చట్టం సంగతి పక్కన పెట్టండి. ఆ 'పిల్ల' ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి చూడండి. చలి తగ్గుతుండగా రామచిలుక చెట్టు తొర్రలో మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల గూడు వదలడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఆలోపే తొర్రలో చేయి పెట్టి లాగేస్తారు. మూడేళ్ల కిందట మా వీధిలో ఒకాయన చెప్పుల డబ్బాలో అలాంటి రెండు పిల్లలను తెచ్చాడు. ఒళ్లంతా ముళ్లలా మొలుస్తున్న ఈకలు, మెడ నిలబడదు. ఆయన అన్నం ముద్దలు నోట్లో కుక్కుతున్నాడు. పిల్ల మెడ కింది సంచి గట్టిపడి రాయిలా ఉంది, ముందు పెట్టిందే అరగలేదు. ఒకటి ఆ రాత్రే పోయింది. రెండోదాన్ని పొద్దున్నే అటవీశాఖ వాళ్లకు అప్పగించాం. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఇలాంటి మెసేజ్‌నే నమ్మాడు.

"ఫారిన్ చిలుకలకు కాగితాలు అక్కర్లేదు."

కొన్నింటికి మాత్రమే అక్కర్లేదు. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాల్లో దాదాపు చిలుకలన్నీ ఉన్నాయి. మన చట్టం నాలుగో షెడ్యూల్ ఇప్పుడు వాటి కోసమే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, పక్షి చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. గ్రే ప్యారట్, మకావ్, కాకటూ, కన్యూర్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఆఫ్రికా అడవుల్లో విపరీతంగా పట్టేయడం వల్ల గ్రే ప్యారట్‌ను 2017 జనవరి నుంచి అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలోకి మార్చారు. జాబితాల బయట ఉన్న విదేశీ చిలుకలు మూడే: బడ్జీ, కాకటీల్, గులాబీ ముఖం లవ్ బర్డ్. రామచిలుక కూడా ఆ జాబితాల్లో లేదు కానీ, దాన్ని మన చట్టమే కాపాడుతోంది. అమ్మేవాడు 'రిజిస్ట్రేషన్ మీరే చేసుకోండి' అంటే అక్కడి నుంచి వచ్చేయండి. దాని రాకకు కాగితం లేకపోతే మీరు నమోదు చేయడానికి ఆధారం ఏముంటుంది?

"చిలుక ఏదైనా ఒకటే."

ముందు ఒక పేరు సరిచేసుకుందాం. మన ఊళ్లలో చాలామంది 'లవ్ బర్డ్స్' అని కొనేవి లవ్ బర్డ్స్ కావు, బడ్జీలు. ఆస్ట్రేలియా గడ్డి మైదానాల పక్షి. అడవిలో ఆకుపచ్చే, తెలుపు, నీలం రంగులు పెంపకంలో వచ్చినవి. ముక్కు పైన ఉన్న మెత్తటి భాగం పెద్ద మగదానిలో సాధారణంగా నీలంగా, ఆడదానిలో గోధుమ రంగులో ఉంటుంది. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికాది, తోక పొట్టి, ముక్కు బలం, కోపం ఎక్కువ. ఈ రెండింటినీ ఒకే పంజరంలో వేస్తే బడ్జీ కాలి వేళ్లు పోతాయి.

బడ్జీ అయిదు నుంచి పదేళ్లు బతుకుతుంది. కాకటీల్ పదిహేను, ఇరవై. గ్రే ప్యారట్ నలభై, యాభై ఏళ్లు, పెద్ద మకావ్ అంతకు మించి. నలభై ఏళ్ల వయసులో మకావ్ కొన్నవాళ్లు దాన్ని ఎవరి పేరున రాస్తారో కూడా ఆలోచించుకోవాలి. దాని అరుపు అపార్ట్‌మెంట్ మొత్తానికి వినిపిస్తుంది, తలుపులు వేసుకున్నా ఆగదు. కాకటీల్, కాకటూ, గ్రే ప్యారట్ ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే అది చాలు అవస్థ పెట్టడానికి. ఇవన్నీ ఒకటే ఎలా అవుతాయి?

"మిరపకాయ, జామకాయ పెడితే చాలు."

మిరపకాయ వరకు నిజమే. దాని ఘాటును పట్టే గ్రాహకాలు మనకు పనిచేసినట్టు పక్షులకు పనిచేయవు, అందుకే కరకరా నమిలేస్తాయి. అంతమాత్రాన అదే భోజనం కాదు. వట్టి గింజలు, ముఖ్యంగా పొద్దుతిరుగుడు గింజలే పెడితే కొవ్వు పేరుకుంటుంది, ఎ విటమిన్ తక్కువై ముక్కు, గొంతు జబ్బులొస్తాయి. మా ఇంట్లో బడ్జీలకు కొర్రలు, కొద్దిగా సజ్జలు. రోజూ పొద్దున పాలకూరో కొత్తిమీరో మునగాకో కడిగి కట్టగా పంజరానికి వేలాడదీస్తాను. తురిమిన క్యారెట్, ఉడికించిన చిలగడదుంప వారంలో రెండు మూడు సార్లు. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అనే పేరుతో దొరికే కటిల్ ఫిష్ ఎముక ఒక ముక్క పక్కనే ఉంటుంది, గుడ్లు పెట్టే ఆడపక్షికి కాల్షియం అందకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

పెట్టకూడనివి: చాక్లెట్, కాఫీ, టీలో ముంచిన బిస్కెట్, మిక్చర్ లాంటి ఉప్పు తిండి, ఈమధ్య మన బజార్లలోకీ వచ్చిన అవకాడో. చివరిది చిలుకలకు అచ్చంగా విషం.

తిండి కన్నా ముందు వంటింటి గాలి చూసుకోవాలి. నాన్‌స్టిక్ పెనాన్ని పొయ్యి మీద ఖాళీగా మరిచిపోతే దాని పూత నుంచి వచ్చే వాయువుకు పక్కగదిలోని పక్షి నిమిషాల్లో చనిపోగలదు, మనకు వాసన కూడా సరిగా తెలియదు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ దాని గదిలో వద్దు. పంజరం బయట వదిలేటప్పుడు ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఆగిందాకా చూడాలి. నా మొదటి బడ్జీ పోయింది ఆ ఫ్యాన్ రెక్కకే. స్విచ్ కట్టేశాను కానీ ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది, నేను పంజరం తలుపు తీశాను. అంతే.

"వస నాకిస్తే గలగలా మాట్లాడుతుంది."

వసపిట్ట అన్న మాట మనకు ఉంది కాబట్టి ఇది నమ్మబుద్ధి అవుతుంది. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. హానికరమని అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. ముప్పై గ్రాముల బడ్జీకి దాన్ని అరగదీసి నాకించడం ఎంత దారుణమో ఆలోచించండి. నాలుక చివర గీరితే మాటలొస్తాయన్నది ఇంకా ఘోరం. చిలుక శబ్దం పుట్టేది నాలుక నుంచి కాదు, ఊపిరితిత్తుల దగ్గర గాలి గొట్టం చీలే చోట.

మాటలు వచ్చేది సహవాసంతో. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న అలెక్స్ అనే గ్రే ప్యారట్ రంగులు, ఆకారాలు చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది. 2007లో 31 ఏళ్ల వయసులో చనిపోయింది. దాని వెనక ఉన్నది ఏళ్ల తరబడి, రోజూ గంటల కొద్దీ దానితో మాట్లాడిన మనుషులు. మీ ఇంట్లో ఆ తీరిక ఎవరికి ఉంది? మగ బడ్జీలు కొన్ని పదాలు పట్టుకుంటాయి, నా కాకటీల్ ఈల వేస్తుంది, మాట ఒక్కటీ రాలేదు. దాని మీద నా ప్రేమ ఏమీ తగ్గలేదు.

"ఇంటి దిష్టి లాగేసుకుంటుంది, అదృష్టం."

ఈ మాట వెనక ఒక దుఃఖం దాగి ఉంది. పక్షి హఠాత్తుగా చనిపోతే 'మన దిష్టి తీసుకుపోయింది' అనుకుని సరిపెట్టుకుంటాం. నిజానికి చిలుకలు జబ్బును చివరి దాకా దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పక్షినే డేగ ఎత్తుకుపోతుంది, కాబట్టి వాటి తీరే అది. ఈకలు ఉబ్బించి కూర్చోవడం, పగలే రెండు కాళ్ల మీద నిద్రపోవడం, రెట్ట రంగు మారడం, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగడం కనిపించిన రోజే వైద్యం కావాలి. అదృష్టం మాటకు వస్తే మన భద్రాచలం కథే ఉంది. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించినందుకే రామదాసుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు పట్టాయని మా నాయనమ్మ చెప్పేది. పంజరంలో చిలుక శుభమన్నట్టు ఆ కథలో లేదు.

"వద్దనుకుంటే వదిలేయండి."

వదలకండి. బడ్జీ, కాకటీల్ మన ఎండకు, కాకులకు, పిల్లులకు రెండు మూడు రోజులు నిలవడం కష్టం. గింజ గిన్నెలోంచే వస్తుందని నేర్చుకున్న పక్షి చెట్టు మీద ఏం వెతుక్కుంటుంది? రెక్కలు కత్తిరించిన రామచిలుకను వదిలితే కుక్క నోట్లో పెట్టినట్టే. ఇంట్లో రామచిలుక ఉంటే అటవీశాఖకు అప్పగించండి. విదేశీ పక్షి అయితే పెంచడం తెలిసిన వాళ్లకు ఇవ్వండి, నమోదు అవసరమైన జాతి అయితే ఆ మార్పూ తెలియజేసి.

ఇదంతా చిలకకు చెప్పినట్టు చెప్పాక పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి కొనాలంటే ఏది?" అంది. పెంపకంలో పుట్టిన బడ్జీలు రెండు, ఒంటరిగా ఒకటి వద్దు. పొడవు కనీసం మూడడుగుల పంజరం, ఎత్తు కన్నా పొడవే ముఖ్యం, అవి అడ్డంగా ఎగురుతాయి కాబట్టి. తుప్పు, జింకు పూత రాలే చవక పంజరం వద్దు. సెలవుల్లో ఊరెళ్తే చూసుకునే మనిషి ముందే ఉండాలి.

"ఎన్నేళ్లు బతుకుతాయి అవి?"

"బాగా చూసుకుంటే ఎనిమిదేళ్లు అనుకో పిన్నీ."

మనవడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. పిన్ని లెక్క వేసుకుంది. "అంటే ఇంటర్‌కి హాస్టల్‌కి పోతాడు. అప్పటికి వాటి కొర్రలూ ఆకుకూరలూ నేనే చూడాలన్నమాట" అని, "ఒక వారం ఆగి చెప్తాలే" అంటూ ఫోన్ పెట్టేసింది.