బోడిగుండుకూ మోకాలికీ మధ్య ఉన్నది లింకా, కనెక్షనా?

మానవాళి ముందున్న సమస్యల్లో ముందుగా దేన్ని తేల్చాలన్న విషయంలో పెద్దలకు ఇన్నాళ్లూ ఏకాభిప్రాయం కుదరలేదు. ఇప్పుడు కుదిరింది. ఇంగ్లీషులో ‘లింక్’కీ ‘కనెక్ట్’కీ ఉన్న తేడా తేల్చడమే ఆ మహత్కార్యం. ఫోన్ తెరిస్తే చాలు, కాలరుకి మైకు తగిలించుకున్న మాస్టారొకాయన ప్రత్యక్షమై “తొంభై తొమ్మిది శాతం మంది ఈ తప్పు చేస్తున్నారు!” అని మన మీదికి వేలెత్తుతాడు. వెనక తెల్లబోర్డు, బోర్డు మీద పట్టిక. ఎడమవైపు లింక్, కుడివైపు కనెక్ట్, మధ్యలో దేశాల సరిహద్దులా ఎర్రగీత.

పట్టిక ప్రకారం వస్తువులైతే కనెక్ట్ చేయాలి, ఆలోచనలైతే లింక్ చేయాలి. బాగానే ఉంది. మరి ఇనప గొలుసులో ఒక్కో వలయాన్నీ లింక్ అంటారు కదా, అది ఎవరి ఆలోచన? సినిమా చూసి జనం ‘కనెక్ట్’ అయ్యారంటారు కదా, జనానికి వైరింగ్ ఎక్కడుంది? దీనికి జవాబు తర్వాతి రీల్లో చెప్తానన్నాడు. తర్వాతి రీల్లో అదే పట్టికను తిరగేసి చెప్పాడు. కింద వందలమంది “థాంక్యూ సార్, ఇప్పుడు క్లారిటీ వచ్చింది” అని దండాలు పెట్టారు.

ఆయన్ని అని లాభం లేదు. ఆ భాష నడత అలాంటిది. కనెక్ట్ లాటిన్ ఇంటి పిల్ల. ముడివేయడం అనే క్రియలోంచి పుట్టింది. లింక్ స్కాండినేవియా నుంచి వచ్చింది, గొలుసు వలయం. రెండూ ఒకే గడపలో చేరి వందల ఏళ్లుగా ఒకరి చీరలు ఒకరు కట్టుకుంటున్నాయి. ‘మిస్సింగ్ లింక్’ అంటే కోతికీ మనిషికీ మధ్య దొరకాల్సిన ఎముకలు. ‘మిస్డ్ కనెక్షన్’ అంటే రెండో విమానం అందక ఎయిర్‌పోర్టు కుర్చీలో తెల్లవార్లూ పడుకోవడం. గోల్ఫ్ ఆడే ‘లింక్స్’కి ఈ రెంటితోనూ చుట్టరికం లేదు, అది సముద్రపొడ్డు ఇసకదిబ్బలకు చెప్పే వేరే పాత మాట. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే గణితజ్ఞుడు భూమి కొలవడానికి 66 అడుగుల గొలుసు చేయించి, దాన్ని 100 లింకులుగా విడగొట్టాడు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. క్రికెట్ పిచ్ పొడవు సరిగ్గా ఆ గొలుసంత. అంటే వంద లింకుల పిచ్ మీద పడ్డ బంతి బ్యాటుకి తగిలితే కామెంటేటర్ “వెల్ కనెక్టెడ్” అని కేకపెడుతున్నాడు. పట్టిక మాస్టారికి ఈ ఒక్క ముక్క చాలు, ఏడాదికి సరిపడా రీల్స్.

కంప్యూటర్లు వచ్చాకైనా విషయం తేలుతుందనుకున్నాం. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘లింక్’ అనే ట్యాగ్ ఒకటుంది. దాన్ని పెడితే పేజీలో నొక్కడానికి లింకు రాదు. అది పేజీ రంగూ రూపూ చెప్పే స్టైల్‌షీట్ లాంటివి తగిలించడానికి. నొక్కే లింకు కావాలంటే ‘ఎ’ అనే ట్యాగ్ వాడాలి. ‘ఎ’ అంటే యాంకర్. యాంకర్ అంటే లంగరు. ఓడ కదలకుండా వేసేది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దూకడానికి లంగరు కావాలన్న ఆ బుద్ధికి చేతులెత్తి మొక్కాలి. ఇక 2003లో మొదలైన ఉద్యోగాల సైట్ లింక్డ్‌ఇన్ సంగతి. పేరులోనే లింక్ ఉంది. లోపలికెళ్లి ఎవరినైనా పరిచయం చేసుకోవాలంటే నొక్కాల్సిన బటన్ మీద మాత్రం ‘కనెక్ట్’ అని ఉంటుంది. గుమ్మం మీద ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకొకటి.

ఈ పంచాయితీ ఇప్పుడు ఆఫీసుల్లోకి కూడా వచ్చేసింది. ఒక మీటింగ్‌లో నేను మూలన కూర్చుని ఉన్నాను. తెర మీద రెండు డబ్బాలు. ఒకదాంట్లో ‘సేల్స్’, రెండోదాంట్లో ‘స్టాక్’. మధ్యలో బాణం, బాణం కింద ‘లింక్’ అని చిన్నక్షరాలు. సేల్స్ చూసే పెద్దమనిషి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని “ఇది లింకాండీ, కనెక్షనాండీ?” అన్నాడు.

అంతే. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

“లింక్ అంటే ఒకవైపేనండీ, కనెక్షన్ అంటే రెండువైపులా” అంది స్టాక్ మేడమ్. ల్యాప్‌టాప్ ముందున్న కుర్రాడు వెంటనే బాణానికి రెండోవైపు కూడా మొన పెట్టాడు. రెండు మొనలుంటే అది రిలేషన్‌షిప్ అవుతుందేమోనని హెచ్ఆర్ ఆవిడకి ధర్మసందేహం. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు, పాలసీ ఉందట. “లింకేజ్ అందామా?” అన్నారొకరు. “ఇంటర్‌లింకేజ్” అన్నారు ఇంకొకరు. అప్పటిదాకా మాట్లాడని ఒకాయన కుర్చీలో ముందుకు జరిగి, ఒక్కో అక్షరం చప్పరిస్తూ “ఇంటర్‌కనెక్టివిటీ” అన్నాడు. ఈసారి ప్రమోషన్ ఆయనదేనని గదిలో అందరికీ ఆ క్షణమే అర్థమైంది. బాణాన్ని చుక్కల గీత చేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదని ఒక మధ్యవర్తి. చుక్కల గీతంటే అధికారం తగ్గినట్టని సేల్స్ పెద్దమనిషి. గంటల లెక్కన డబ్బు తీసుకునే కన్సల్టెంట్ గొంతు సవరించుకుని “నాకిక్కడ అలైన్‌మెంట్ కనిపించడం లేదు” అన్నాడు. కుర్రాడు పాపం బాణాన్ని పట్టుకుని రెండు డబ్బాలకీ సరిగ్గా మధ్యకి జరిపాడు. ఆ గదిలో మాటని మాటగా విన్నది వాడొక్కడే.

చివరికి సబ్‌కమిటీ వేశారు. అందరూ లేస్తుండగా ఆ కుర్రాడే నసుగుతూ “సార్, అసలు సేల్స్ లెక్కలు స్టాక్‌లోకి వెళ్లడం లేదు సార్. రోజూ రాత్రి నేనే చూసి ఎక్సెల్‌లో కొడుతున్నాను” అన్నాడు. “అది ఆపరేషనల్ ఇష్యూ బాబూ, కన్ఫ్యూజ్ చేయకు” అని భుజం తట్టారు. ఆ రెండు డబ్బాల మధ్య నిజంగా ఉన్న కనెక్షన్ ఆ కుర్రాడు. స్లైడులో వాడి పేరు లేదు.

రెంటికీ తేడా లేదని నేననడం లేదు. ఉంది. నెట్‌వర్క్ ఇంజనీర్లని అడగండి, వాళ్లు ఈ విషయంలో నిజాయితీపరులు. యంత్రాలు మాట్లాడుకునే పనిని పొరలుగా విడగొట్టి చూపే వాళ్ల ఓఎస్ఐ మోడల్‌లో డేటా లింక్ రెండో పొర. పక్కపక్కనున్న రెండు యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకోగలిగితే లింకు ఉన్నట్టు. ఇంటర్నెట్‌లో డేటా తప్పిపోకుండా చేర్చే పద్ధతి టీసీపీ, దాని కనెక్షన్ అంతకన్నా పైన, నాలుగో పొరలో. అక్కడ ఇటువాడు పిలవాలి, అటువాడు పలకాలి, విన్నానని ఇటువాడు మళ్లీ చెప్పాలి. ఈ మూడూ అయ్యాకే కనెక్షన్. లింకు దీపం వెలుగుతూనే ఉండొచ్చు, కనెక్షన్ మాత్రం లేకపోవచ్చు. అంత చక్కగా వాళ్లు చెప్పాక ఫోన్ వైఫై గుర్తు కింద ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని రాసి ఆ కాస్త మర్యాదా తీసేసింది, అది వేరే సంగతి.

నాకు తెలిసి తేడా అదే. కనెక్షన్ ఉందన్నవాడు మధ్యలో ఏం పారిందో చూపించాలి: కరెంటో, నీళ్లో, డబ్బో, మాటో. లింకు ఉందన్నవాడు ఏమీ చూపించక్కర్లేదు. రెండు పేర్లు ఒకే ఊపిరిలో పలికితే చాలు. హెడ్డింగులు రాసేవాళ్లకి లింకు మీద అంత ప్రేమ ఊరికే పుట్టలేదు.

సిగరెట్ కథ చూడండి. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు లండన్ ఆసుపత్రుల్లోని రోగుల వివరాలు ఒక్కొక్కటీ కూడి, పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం నిజమైనదేనని తేల్చారు. కంపెనీలేం చేశాయి? 1954 జనవరిలో అమెరికాలో 400కు పైగా పత్రికల్లో పేజీడు ప్రకటన వేశాయి. సారాంశం: కారణమని రుజువు కాలేదు, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం. లింకే కదా, లింకు ఏముంది, ఎవరికైనా ఉంటుంది! ఆ చిన్నమాట నీడలో దశాబ్దాలు అమ్ముకున్నారు. సంబంధాన్ని కారణమని ఎప్పుడు అనొచ్చో చూసుకోవడానికి అదే హిల్ 1965లో తొమ్మిది పరీక్షలు రాసిపెట్టాడు. ఏది ముందు, ఏది తర్వాత? మోతాదు పెరిగితే జబ్బు పెరిగిందా? వేరేచోట చూసినా అదే కనిపించిందా? చదవగలిగిన ఎవరికైనా అర్థమయ్యే ప్రశ్నలు. చదవడానికి మనసొప్పాలి. ఈ కంపెనీలు తెలిసి తెలిసి జనాన్ని మోసం చేశాయని అమెరికా కోర్టు తీర్పు చెప్పేసరికి 2006 వచ్చింది. ఈలోపు పోయినవాళ్లకి తీర్పు కాపీ ఎవరు పంపుతారు?

అక్కడ ఉన్న కారణాన్ని లింకని నీరుగార్చారు. టీకాల విషయంలో లేని కారణాన్ని అదే మాటతో వండి వడ్డించారు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు బృందం 12 మంది పిల్లల మీద ఒక వైద్యపత్రికలో వ్యాసం వేసింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ పిల్లల పరిస్థితికీ సంబంధం తాము నిరూపించలేదని ఆ వ్యాసంలోనే రాసి ఉంది. దాన్ని ఎవరు చదివారు? ‘టీకాకీ ఆటిజానికీ లింకు’ అన్న ముక్క మాత్రం ఊళ్లు తిరిగింది. లక్షల పిల్లలతో చేసిన అధ్యయనాల్లో అలాంటిదేమీ కనపడలేదు. 2010లో ఆ పత్రికే వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, బ్రిటన్ వైద్య మండలి ఆయన పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేసింది. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో భయపడి టీకా వేయించని తల్లిదండ్రుల తప్పేముంది? వాళ్లకి బోడిగుండునీ మోకాలినీ కట్టి చూపించారు, ముడి ఉందనుకున్నారు. తట్టు వచ్చింది పిల్లలకి. హెడ్డింగు రాసినవాడికి కాదు.

ఇక రోజూ టీవీలో కింద పారే అక్షరాలు. ‘ఆ కేసుతో లింకులు?’ చివర ఒక ప్రశ్నార్థకం పెడితే పరువునష్టం దావా పడదని వాళ్ల నమ్మకం. ఎవరు కలిపారు ఆ లింకు? పోలీసులా, పక్కింటివాడా, డెస్కులో కూర్చున్నవాడా? ఆ వాక్యంలో కర్త ఉండడు. నిందితుడి ఫోన్లో నంబరు దొరికింది కాబట్టి ప్లంబరు తెర మీదికొచ్చాడు, ముఖం చుట్టూ ఎర్ర వలయంతో. ఆ నంబరు ఎందుకుందో ఒక్క ఫోన్ చేసి అడిగితే కొళాయి కారుతుంటే పిలిచారని చెప్పేవాడు. అడగలేదు. అతని పిల్ల బళ్లో ఎన్నాళ్లు తలొంచుకు కూర్చుందో వీళ్లకు పట్టదు. తర్వాత పోలీసులే సంబంధం లేదని వదిలేస్తే ఆ ముక్క తెర మీద ఒక్కసారీ పారలేదు.

అడిగితే చోటు చాలదండీ, స్క్రోలింగ్‌లో అన్నీ పట్టవంటారు. ‘లింకులు’ అన్నదీ మూడక్షరాలే, ‘నిర్దోషి’ అన్నదీ మూడక్షరాలే.