ఆకురసంతో చేసిన వెండి నానోకణాలు: ‘సహజం కాబట్టి సురక్షితం’ అనేది తప్పు

‘జీడిమామిడి ఆకురసంతో చేసిన వెండి నానోకణాలు (కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు) సహజం. ఎంటీటీ పరీక్ష (జీవకణాలు బతికున్నాయో లేదో రంగుతో చెప్పేది) పాసయ్యాయి. వెండి గ్లాసులో నీళ్లు తాగడం లేదా? రొయ్యల చెరువులో చల్లొచ్చు. భద్రత సంగతి సరుకు తయారయ్యాక చూసుకోవచ్చు.’ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విద్యార్థుల మధ్య, రైతుల మధ్య తిరుగుతున్న ఈ మాటల్లో ఏదీ నిలబడదు.

‘సహజం’ అట. ఆకురసం వెండి అయాన్లను (నీటిలో కరిగిన, విద్యుదావేశమున్న వెండిని) లోహంగా మారుస్తుంది, నానోకణాలకు పూత పెడుతుంది. అంతే. మామూలుగా 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 90 మి.లీ.కి 10 మి.లీ. రసం కలుపుతారు. రంగు గోధుమకు తిరిగి, 420 నానోమీటర్ల దగ్గర కాంతిశోషణ శిఖరం వస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ ద్రావణంలో లీటరుకు దాదాపు 97 మి.గ్రా. వెండి ఉంటుంది. అందులో 5 శాతం అయాన్లుగా మిగిలినా దాదాపు 5 మి.గ్రా. డాఫ్నియా లాంటి చిన్న నీటిప్రాణులు లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల అయాన్లకే చస్తాయి. అందుకే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట వంపేసి, కనీసం మూడుసార్లు కడగాలి. చివరి తేటను విడిగా పరీక్షించాలి. అది కూడా జీవకణాలను చంపుతుంటే, దోషం నానోకణాలదేనని చెప్పలేం.

వెండి గ్లాసు పోలికను లెక్కే కొట్టేస్తుంది. 1 గ్రాము వెండి ఘనానికి ఉపరితలం 1.25 చదరపు సెం.మీ. అదే గ్రాము 10 నానోమీటర్ల కణాలైతే 57 చదరపు మీటర్లు. అయాన్లు ఊడి వచ్చేది ఉపరితలం నుంచే.

అసలు మోసం ఎంటీటీ దగ్గర జరుగుతుంది. బతికున్న జీవకణాలు ఎంటీటీ అనే పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. ఆ ఊదా ఎంత ఉందో 570 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతాం. కానీ నానోకణాలకు అంటుకున్న ఆకురసపు పాలీఫినాల్స్ అనే రసాయనాలు కూడా అదే పని చేస్తాయి, ప్రాణమున్న జీవకణం ఒక్కటీ లేకపోయినా. చచ్చిన కణాలు బతికున్నట్టు లెక్కకొస్తాయి. ప్లేటులో ఒక వరుసను జీవకణాలు లేకుండా ఉంచండి: మాధ్యమం, ప్రతి మోతాదు నానోకణాలు, ఎంటీటీ. అక్కడ ఊదా కనిపిస్తే ఆ ఫలితాన్ని నమ్మొద్దు. బదులుగా ఎల్‌డీహెచ్ పరీక్ష (దెబ్బతిన్న జీవకణాల నుంచి కారే ఎంజైమ్‌ను కొలిచేది) పెడదామంటే, వెండి ఆ ఎంజైమ్‌నే పాడుచేస్తుంది. చచ్చిన జీవకణాలకు మాత్రమే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో లెక్కపెట్టడమే మేలు. నానోకణాల పరిమాణాన్ని నీటిలో కాదు, జీవకణాలను పెంచే, సీరం కలిపిన మాధ్యమంలో, మొదట ఒకసారి, 24 గంటలకు ఇంకోసారి కొలవాలి. నానోకణాలు ముద్దకడితే అడుగున ఉన్న జీవకణాలకు తగిలే మోతాదే మారిపోతుంది.

ఇక చెరువు. రొయ్య కూడా డాఫ్నియాలాగే క్రస్టేషియన్ (పెంకున్న జలచరాల జాతి). ఉప్పునీటి క్లోరైడ్ వెండి అయాన్లను పట్టేస్తుంది, నానోకణాలు ముద్దకట్టి అడుగుబురదలోకి దిగుతాయి. రొయ్య మేత వెతుక్కునేది అక్కడే. పైగా వెండి బాక్టీరియాను చంపేటప్పుడు మంచి చెడు చూడదు: అమ్మోనియాను తగ్గించే బాక్టీరియా దెబ్బతింటే చెరువులో అమ్మోనియా పెరుగుతుంది. వేలు పోసి ప్రోబయోటిక్స్ (మేలు చేసే బాక్టీరియా) చల్లిన రైతుకు ఇది రెండు వైపులా నష్టం. హేచరీల్లో దొరికే ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న జీవి) గుడ్లను పొదిగించి, చెరువు నీటిలోనే 24, 48 గంటల పరీక్ష పెట్టండి. పక్కనే నానోకణాలను కడిగిన తేటతో ఒక కంట్రోల్ (పోల్చిచూసే పరీక్ష), అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్‌తో మరొకటి ఉండాలి. ఇది తొలి జల్లెడ మాత్రమే. ఇందులో నెగ్గినంత మాత్రాన రొయ్యకు సురక్షితమని కాదు.

‘తర్వాత చూసుకోవచ్చు’ అన్నది అన్నిటికంటే ఖరీదైన సలహా. వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తుల మూల్యాంకనానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పరిమాణం, ఉపరితల ఆవేశం, కరిగే గుణం మొదటే కొలవాల్సినవి. పూత మార్చినా, వేరే కాలంలో కోసిన ఆకు వాడినా అది కొత్త నానోకణమే. కాబట్టి ప్రతి బ్యాచ్‌కూ మిగిలిన అయాన్లు, పరిమాణం, జీవకణాల్లేని ఎంటీటీ వరుస మళ్లీ చెయ్యాల్సిందే.