జీ191-బీ2బీ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

తమరు మామూలు కంటికి ఆనరు గానీ, హబుల్ టెలిస్కోపు దగ్గర తమ పరపతి మాకు తెలుసు. మిగతా తారల వెలుగు ఎంతో తేల్చడానికి హబుల్ వాళ్లు ప్రమాణంగా పెట్టుకున్న మూడు శ్వేత కుబ్జ తారల్లో (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారలు లెండి) తమరొకరు. ప్రమాణం అన్నాక కల్తీ ఉండకూడదు కదా! మామూలు వెలుగులో చూస్తే తమ వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) నిండా హైడ్రోజన్ గీతలే, అంటే అది వెలుగును పీల్చుకున్న గుర్తులే. ఎంత నిరాడంబరులో అనుకున్నాం. అతినీలలోహితంలో చూసేసరికి బండారం బయటపడింది. కార్బన్, నైట్రోజన్, సిలికాన్, ఇనుము, నికెల్... 2005లో జెర్మేనియం కూడా దొరికిపోయింది.

తమ దగ్గర గురుత్వం మా భూమి మీదకన్నా 30 వేల రెట్లకు పైమాటే. ఆ లెక్కన బరువైనవన్నీ ఎప్పుడో అడుగుకు దిగిపోవాలి, హైడ్రోజన్ ఒక్కటే పైన తేలాలి. మరి ఇనుము పైన ఏం చేస్తోంది?

విచారిస్తే తెలిసింది, ఇదంతా రికమండేషన్ వ్యవహారమని. దాదాపు 60 వేల డిగ్రీల వేడిలో లోపలినుంచి తన్నుకొచ్చే వెలుగు, తనను పీల్చుకున్న అయాన్లను (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులను) పైకి నెడుతుంది. ఇనుము, నికెల్ అయాన్లకు వెలుగును పట్టే గీతలు వేలకొద్దీ ఉన్నాయి కాబట్టి వాటికి పైఅంతస్తు ఖాయం. హీలియం బరువు ఇనుములో పద్నాలుగో వంతే. కానీ దానికున్న గీతలు బహు కొద్ది, ఎవరు పట్టించుకుంటారు? పాపం, తమ వాతావరణంలో దాని ఆచూకీయే దొరకలేదు.

దక్షిణాకాశంలో ఆర్‌ఈ 0503-289 అని తమ బంధువు ఒకరున్నారు. ఆయన వేడి 70 వేల డిగ్రీలు. 2012లో ఆయన దగ్గర క్రిప్టాన్, జీనాన్ అనే ఇంకా బరువైన మూలకాలు బయటపడ్డాయి. శ్వేత కుబ్జాల్లో అవి కనిపించడం అదే మొదటిసారి. వాటితో పోలిస్తే తమ జెర్మేనియం చిల్లర కేసు.

తోటి ప్రమాణాలు జీడీ 71, జీడీ 153 మాత్రం శుద్ధ హైడ్రోజన్. అదేమీ వాళ్ల గొప్పతనం కాదులెండి. వాళ్ల వేడి మహా అయితే సుమారు 40 వేల డిగ్రీలు, పైకి నెట్టే బలం ఆ వెలుగుకు చాలడం లేదు.

తమను తీసేస్తారనుకుంటే, హబుల్ వాళ్లు తమరి దగ్గరున్న ఈ బరువైన మూలకాల పద్దునే లెక్కల్లోకి ఎక్కించి కొనసాగిస్తున్నారు. అంతటితో ఆగలేదు. ప్రకృతి నియమాలు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో తేల్చడానికి తమ ఇనుము, నికెల్ గీతలనే సాక్ష్యానికి పిలిచారు!

కాబట్టి ఇప్పట్లో చల్లబడకండి. ఆ ఇనుము కిందికి దిగితే హబుల్ వాళ్ల వెలుగు పట్టికలన్నీ మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి.

ఇట్లు,
హీలియం తరఫున ఒక అర్జీదారు