వైఫై నెమ్మదిస్తే ఫ్రిజ్ ఏం చేసింది?

ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదించడానికి కారణం ఇంట్లోని కరెంటు సామాన్లేనని చెప్పే ఫార్వర్డ్ ఒకటి ఎన్నాళ్లుగానో తిరుగుతోంది. మాటలు అక్కడక్కడ మారినా సరుకు ఒకటే. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు వైఫై ఆగిందంటే ఓవెన్ నుంచి రేడియేషన్ లీకవుతున్నట్టే; ఫ్రిజ్, టీవీ, రిమోట్ అన్నీ వైఫైని చెడగొడతాయి; బ్లూటూత్ ఆపేస్తే వేగం పెరుగుతుంది; పక్కిళ్ల రౌటర్లు 1, 6, 11 ఛానళ్లలో (వైఫై నడిచే ఫ్రీక్వెన్సీల్లో నంబర్లేసిన ముక్కలే ఛానళ్లు) ఉంటే మీరు ఎవరూ లేని 3కో 4కో మారిపోవాలి; ఇదంతా ఎందుకనుకుంటే 5 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే చాలు, ఇక ఏ ఆటంకమూ అంటదు. ఇందులో ఒకటిన్నర నిజం ఉంది. ఆ ఒకటిన్నరను చూసే జనం మిగతాదంతా నమ్మేస్తున్నారు.

ముందు ఓవెన్ సంగతి. ఓవెన్‌కీ వైఫైకీ పడదన్న మాట నిజమే. ఓవెన్‌లో మైక్రోవేవ్‌లు పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వైఫై పాత బ్యాండు, అంటే అది వాడుకునే ఫ్రీక్వెన్సీల పట్టీ, 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ దాకా; 2.4 గిగాహెర్ట్జ్ అనేది దీన్నే. అంటే ఓవెన్ దాదాపు దాని నడిమధ్యలో ఉంది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ చోటును పరిశ్రమలు, శాస్త్ర, వైద్య అవసరాల పరికరాలకు కేటాయించింది. 1985లో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ అదే చోట లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోవచ్చని తలుపులు తెరిచింది. వైఫైకి తొలి ప్రమాణం వచ్చింది 1997లో. వెనకొచ్చి చేరింది వైఫై. పాపం, ఓవెన్ ముందునుంచీ అక్కడే ఉంది.

మరి లీకు? ఇక్కడే ఫార్వర్డ్ జనాన్ని అనవసరంగా బెదరగొడుతోంది. ఓవెన్ లోపల 700 నుంచి 1,000 వాట్లు తిరుగుతుంటాయి. రౌటర్ బయటికి పంపేది 0.1 వాట్ అటూ ఇటూ. అది పక్క గదిలో ఉన్న మీ ఫోన్‌కి చేరేసరికి ఒక వాట్‌లో వందకోట్ల వంతుకు పడిపోయినా ఫోన్‌కి అది మంచి సిగ్నల్ కిందే లెక్క. వెయ్యి వాట్లలో పదిలక్షల వంతు, అంటే ఒక్క మిల్లీవాట్, తలుపు అంచు నుంచి తప్పించుకుంటే చాలు, దగ్గర్లో ఉన్న ఫోన్‌కి రౌటర్ మాట వినపడదు. భద్రతా ప్రమాణాలైతే ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్ల దాకా ఒప్పుకుంటాయి. కాబట్టి నిక్షేపంలాంటి ఓవెన్ కూడా వైఫైని ముంచగలదు. మనిషికి ప్రమాదం ఉందో లేదో వైఫైని చూసి చెప్పడం కుదరదు. తలుపు సరిగా పడకపోయినా, కీలు వంగినా, అద్దం వెనక జాలీ చిరిగినా వాడటం ఆపేయండి. అది వేరే విషయం.

ఇదే కోవలో ఇంకో చిట్కా కూడా ఉంది: ఫోన్‌ని ఆపి ఉన్న ఓవెన్‌లో పెట్టి కాల్ చేయండి, మోగితే లీకున్నట్టే అని. ఓవెన్ తలుపు అంచును 2,450 మెగాహెర్ట్జ్‌ని ఆపేలా తయారుచేస్తారు. మొబైల్ నెట్‌వర్కులు నడిచే ఫ్రీక్వెన్సీలు చాలావరకు వేరు. పైగా సిగ్నల్ కోట్ల రెట్లు తగ్గినా ఫోన్ అందుకోగలదు. మోగడం మామూలే.

నమ్మకం కుదరకపోతే లాప్‌టాప్‌ని ఓవెన్‌కి దగ్గర్లో పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచి, రౌటర్ అడ్రసుకి ఆగకుండా పింగ్ (చిన్న సందేశం పంపి జవాబుకి ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) ఇచ్చి చూడండి. 2, 3 మిల్లీసెకన్లని వస్తున్న అంకెలు ఓవెన్ గుయ్యిమనగానే వందల్లోకి ఎగరవచ్చు, మధ్యమధ్య జవాబే రాకపోవచ్చు. పవర్ సగానికి తగ్గించండి. మామూలు ఓవెన్లు సగం పవర్ అంటే మంట తగ్గించవు, కొన్ని సెకన్లు పూర్తిగా నడిచి కొన్ని సెకన్లు ఆగుతాయి. ఆ గుయ్యిమనే శబ్దం ఆగినప్పుడల్లా అంకెలు మళ్లీ కిందికి దిగుతాయి. ఇంకాస్త లోపలికి వెళ్తే, 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్రాన్స్‌ఫార్మర్ రకం ఓవెన్‌లో మాగ్నెట్రాన్ ఇంచుమించు 10 మిల్లీసెకన్లు మోగి, 10 మిల్లీసెకన్లు మూగబోతుంది. ఆ సందుల్లోంచి వైఫై దూరిపోతుంది. అందుకే మెసేజ్‌లు ఎలాగోలా వెళ్తాయి, వీడియో కాల్ మాత్రం ముక్కలవుతుంది. ఇన్వర్టర్ రకం ఓవెన్లలో ఈ లెక్క మారుతుంది.

ఇక ఫ్రిజ్, టీవీ, రిమోట్. ఇది అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. మోటారు మొదలయ్యేటప్పుడూ స్విచ్ వేసేటప్పుడూ పుట్టే రేడియో రొద ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. పాత మీడియం వేవ్ రేడియో కరకరలాడేది దానికే. 2,400 మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. మామూలు టీవీ రిమోట్ వాడేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి, దానికి వైఫై సంగతే పట్టదు. రౌటర్‌ని ఫ్రిజ్ వెనక పెడితే మాత్రం నష్టమే, ఎందుకంటే అది నిలువెత్తు ఇనుప గోడ. కరెంటు తీసేసినా ఆ నష్టం అలాగే ఉంటుంది.

టీవీ విషయంలో వేల్స్‌లోని అబెర్‌హోసన్ అనే పల్లెటూరిని సాక్ష్యంగా తెస్తారు. కథ నిజమే. అక్కడ ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం 7 గంటలకు ఊరందరి ఇంటర్నెట్ పడిపోయేది. చివరికి ఇంజనీర్లు ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ పట్టుకుని ఊరంతా తిరిగితే, ఆ వేళకు ఒక ఇంట్లో ఆన్ అయ్యే పాత టీవీ దొరికింది. 2020లో ఇది ప్రపంచమంతా వార్త. అయితే ఆ టీవీ దెబ్బకొట్టింది వైఫైని కాదు, రాగి టెలిఫోన్ తీగల మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌ని. ఆ తీగల్లో సమాచారం నడిచేది చాలా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, పైన చెప్పిన రొద ఉండేచోటే. ఆ ఊళ్లో వైఫై మానేసి కంప్యూటర్‌కి కేబుల్ పెట్టుకున్నా అదే గతి పట్టేది.

బ్లూటూత్ మీద పెద్దగా చెప్పడానికేమీ లేదు. మామూలు బ్లూటూత్ 79 సన్నటి ఛానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి వైఫై ఉన్న ఛానళ్లను గుర్తుపట్టి తప్పుకోవడం నేర్చింది. ఒకే ఫోన్‌లో రెండూ 2.4 మీద నడుస్తుంటే కొద్దిగా వేగం తగ్గొచ్చు, అంతే.

అన్నిటికన్నా చెడ్డ సలహా 3వ ఛానల్ది. మిగతావి పాటిస్తే పోయేదేమీ లేదు, ఇది పాటిస్తే మీకూ పక్కవాళ్లకూ చెడుతుంది. 2.4 బ్యాండులో ఛానళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రౌటర్ ఆక్రమించే వెడల్పు కనీసం 20. అంటే 3లో కూర్చున్న రౌటర్ అటు 1నీ ఇటు 6నీ తొక్కుతుంది. ఒకే ఛానల్లో ఉన్న రౌటర్లు ఒక గదిలో కూర్చున్న మర్యాదస్తుల్లాంటివి, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగుతారు. అవతలిది వైఫై మాటే అని అర్థమైతే, మైనస్ 82 డీబీఎమ్ (సిగ్నల్ బలానికి కొలత) అంత నీరసమైన సిగ్నల్ విన్నా రౌటర్ ఆగాలి. అర్థంకాని రొద అయితే మైనస్ 62 దాకా, అంటే దానికి వంద రెట్లు బలంగా ఉంటేనే ఆగుతుంది. ఛానల్ సగం సగం కలిసినప్పుడు పక్క రౌటర్ మాటలు మీదానికి అర్థంకాని రొదగా మారిపోతాయి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడి, ఇద్దరూ మళ్లీ మళ్లీ పంపుకుంటారు. ఒకదాన్నొకటి తొక్కని 1, 6, 11లో రద్దీ తక్కువున్నది చూసుకోండి. రౌటర్ సెట్టింగుల్లో వెడల్పు 40 అని ఉంటే 20కి తగ్గించండి.

5 గిగాహెర్ట్జ్ సలహాలో నిజం ఉంది, ఓవెన్ గొడవ అక్కడ ఉండదు. ఏ ఆటంకమూ లేదనడమే అతి. గోడలు దాన్ని ఎక్కువగా మింగుతాయి. ఆ బ్యాండులో కొంత భాగం రాడార్లది. వాతావరణ రాడార్లు 5,600 నుంచి 5,650 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. అలాంటి ఛానల్ తీసుకునే ముందు రౌటర్ కనీసం 60 సెకన్లు చెవి పెట్టి వినాలి, తర్వాత ఎప్పుడు రాడార్ వినపడినా ఛానల్ వదిలేసి పోవాలి. ఉన్నట్టుండి అన్ని ఫోన్లకూ ఒకేసారి వైఫై పోయి, కాసేపటికి వచ్చిందంటే అది కూడా ఒక కారణం కావచ్చు.

ఇన్ని సామాన్ల మీద నేరం మోపిన ఫార్వర్డ్ అసలు దొంగల్లో ఒకడి పేరే ఎత్తలేదు: యూఎస్‌బీ 3. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడిచే ఆ డేటా నుంచి పుట్టే రొద 2.4 బ్యాండును కప్పేస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించగానే వైర్‌లెస్ మౌస్ తడబడితే, లాప్‌టాప్‌లో వైఫై నీరసిస్తే మొదట దాన్నే అనుమానించాలి. డిస్క్‌ని కాస్త పొడవైన, మంచి షీల్డింగ్ ఉన్న కేబుల్‌తో దూరంగా జరపండి, మౌస్ రిసీవర్‌ని ఎక్స్‌టెన్షన్ వైరుతో ఇవతలికి లాగండి. డిస్క్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేస్తే తేడా తెలిసిపోతుంది.

వీటిలో ఏది చేసినా ముందు లాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి తగిలించి చూడండి. అప్పుడూ అంతే నెమ్మదిగా ఉంటే ఇంట్లో ఏ వస్తువునూ కదపనక్కర్లేదు, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడమే.