చార్మినార్ గడియారం గారికి, చుట్టాలు రైలెక్కాక రాసిన ఉత్తరం

మహారాజశ్రీ చార్మినార్ గడియారం గారికి కూకట్‌పల్లి నుంచి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. అంటే, చుట్టాలు రాత్రి రైలెక్కారు. అక్కడ మీరు నలుగురూ క్షేమమని తలుస్తాను.

1889లో మిమ్మల్ని నాలుగు వైపులా పెట్టించినవాళ్లు, ఎటు నుంచి వచ్చేవాడికైనా టైము కనబడాలని అనుకుని ఉంటారు. మంచి ఆలోచనే. కాకపోతే మా అత్తయ్య, బాబాయి, పెద్దమ్మ రాజమండ్రి నుంచి ఒకేసారి దిగుతారని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఎక్కడున్నారు అత్తయ్యా?"

"చార్మినార్ దగ్గరే రా."

"చార్మినార్ దగ్గర ఎక్కడ?"

"గడియారం కిందే ఉన్నానని చెబుతున్నానా!"

బాబాయికి ఫోన్ చేస్తే ఆయనా గడియారం కిందే. పెద్దమ్మా గడియారం కిందే, పైగా ఎండలో. నేనూ గడియారం కిందే. అందరం నిజమే చెబుతున్నాం, ఒకరికొకరు కనబడం. ఎవరికి వారే యమునా తీరే అంటారు కదా, ఇక్కడ తీరాలు నాలుగు. అత్తయ్య పడమటి ముఖం కింద, ఎందుకంటే అటు గాజుల లాడ్ బజార్. బాబాయి ఉత్తరాన, అటైతే స్టేషన్‌కి ఆటో త్వరగా దొరుకుతుందని. పెద్దమ్మ తూర్పున, మంచి దిక్కు కాబట్టి. మిగిలిన దక్షిణం నాకు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. చార్మినార్ కట్టింది 1591లో. మీరొచ్చేదాకా దాదాపు మూడు వందల ఏళ్లు అది గడియారం లేకుండానే నిలబడింది. ఆ మూడు వందల ఏళ్లలో ఎవరికైనా లేటయిందా? మా బాబాయికి మాత్రం పొద్దున తొమ్మిదింటికి మిమ్మల్ని చూడగానే రాత్రి రైలు గుర్తొచ్చింది. అప్పట్నుంచీ అదే టెన్షన్. కుతుబ్ షా ఎవరో, ఇక్కడ ఊరెందుకు కట్టాడో చెప్పబోతే, "అదంతా గూగుల్లో ఉంటుంది గానీ, ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పు" అన్నాడు.

రోజు కూడా మేం మామూలుగా ఎంచుకోలేదు. శుక్రవారం మంచిదని పెద్దమ్మ పంచాంగం చూసి మరీ ఖాయం చేసింది. చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవని, సాలార్‌జంగ్ మ్యూజియానికీ అదే రోజు సెలవని ముందే చెప్పాను. "సెలవైతే జనం ఉండరు, ప్రశాంతంగా చూడొచ్చు" అన్నాడు బాబాయి. చౌమహల్లా దాకా వెళ్లాం. మూసిన గేటు ముందు నిలబడి అందరూ ఫొటోలు దిగారు. దర్బారు హాల్లో వేలాడే బెల్జియం షాండ్లియర్లు ఫొటోలో లేవు గానీ గేటు తాళం చాలా స్పష్టంగా పడింది. ఫ్యామిలీ గ్రూపులో దానికి వచ్చినన్ని లైకులు మా చెల్లెలి పెళ్లి ఫొటోకి కూడా రాలేదు.

మీ ఇంటి మెట్ల సంగతి. పైదాకా 149 మెట్లని బాబాయి ఎక్కడో చదివాడు. ఆ ఇరుకు మెలికల మెట్ల మీద, ముందు పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కుతుంటే, వెనక ఈయన గట్టిగా లెక్క పెడుతూ వచ్చాడు. సందర్శకుల్ని మొదటి అంతస్తు దాకానే రానిస్తారు కదా, లెక్క 149కి చేరకముందే మెట్లు అయిపోయాయి. ఆ బాల్కనీలో నిలబడి చూస్తే ఒకవైపు మక్కా మసీదు, ఇంకోవైపు చార్ కమాన్, మధ్యలో ఊరంతా. ఎవరైనా ఊపిరి బిగబట్టి చూస్తారు. ఈయన టికెట్ తీసి, "మిగతా మెట్లకి కూడా డబ్బు కట్టాం కదా, సగం వెనక్కి అడుగుదామా?" అన్నాడు. పక్కనే ఉన్న మీకు వినబడే ఉంటుంది.

చార్ కమాన్ అన్నాను కదా. అక్కడ నా కడుపు మండింది. చార్మినార్ కట్టిన ఏడాదికే లేచిన నాలుగు తోరణాలు, నడిమధ్యన గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. వాటిలో ఒకటైన మచిలీ కమాన్ కింది నుంచి ఆటోలు, బండ్లు ఈనాటికీ దూరి వెళ్తాయి, నాలుగు వందల ఏళ్ల కింది తోరణం మీద నుంచి హారన్లు ప్రతిధ్వనిస్తాయి. ఆ హౌజ్ దగ్గర మావాళ్లను నిలబెట్టి, "ఒక్క నిమిషం, అలా తలెత్తి చూడండి" అన్నాను. అత్తయ్య తలెత్తింది. నగల దుకాణం బోర్డు చదివి, "ఇక్కడ ముత్యాలు అసలువే ఇస్తారంటావా?" అని అడిగింది. పత్థర్‌గట్టి రాతి వరండాల దగ్గర 1908 మూసీ వరద గురించి, ఆ తర్వాత ఊరిని కొత్తగా కట్టిన తీరు గురించి మొదలుపెట్టానో లేదో, అత్తరు వాసన వచ్చింది. అంతే, ముగ్గురూ చేతి మణికట్లు చాపి వరసలో నిలబడ్డారు. వరద నా దగ్గరే మిగిలిపోయింది.

తూర్పు వైపు సర్దార్ మహల్ దగ్గర మాత్రం నా మాట నెగ్గింది. 1900లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్దార్ బేగం కోసం కట్టించాడని, ఆవిడకి అది నచ్చక అందులో కాపురమే చెయ్యలేదని చెప్పాను. అత్తయ్య ఆగి, మహల్‌ని పైనుంచి కిందికి చూసి, "నచ్చకపోతే నచ్చలేదని చెప్పగలిగింది, అదీ ఆడదంటే" అంది. మామయ్య కట్టిన ఇంట్లో వంటగది ఇరుకని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది లెండి.

ఇక లాడ్ బజార్. మీ పడమటి ముఖం రోజూ చూసేదే, అయినా చెబుతాను. దుకాణాయన మాకంటే శుభ్రంగా తెలుగు మాట్లాడతాడు. "అమ్మా, వెయ్యి. మీరు కాబట్టి తొమ్మిది వందలు." అత్తయ్య మూడొందలంది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ మెట్టు దిగింది. ఆయన పిలిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు, కానీ నడక నెమ్మదించింది. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకని అధికారిక గుర్తింపు, వచ్చిందని నేను మధ్యలో నోరు జారాను. "చూశారా, సార్ కూడా అంటున్నారు" అని ఆయన మళ్లీ తొమ్మిది వందల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను బయట నిలబెట్టారు.

బయట నిలబడ్డందుకే ఒకటి చూశాను. పక్క సందులో ఒకతను కింద కూర్చుని పని చేసుకుంటున్నాడు. ముందు చిన్న బొగ్గుల కుంపటి. లక్క ముద్దని సెగకి చూపించి, మెత్తబడగానే బల్ల మీద దొర్లించి సన్నటి తీగలా సాగదీశాడు. దాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలూ సెగ మీదే అతికించాడు. అతుకు ఎక్కడుందో నాకు కనబడలేదు. తర్వాత ఆవగింజంత తళుకు రాళ్లు, ఒక్కోటీ తీసి లక్కలో అద్దడం. లక్క గట్టిపడితే మళ్లీ సెగ, మళ్లీ రాయి. వేళ్ల కొసలు కాలి కాలి నల్లబడి ఉన్నాయి. నన్ను వెతుక్కుంటూ వచ్చిన బాబాయి కూడా అక్కడే ఆగిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు, మీ వైపు కూడా చూడలేదు. చివరికి, "ఇంత పనికి వెయ్యి తక్కువే రా" అన్నాడు మెల్లగా. లోపల మా అత్తయ్య అప్పటికి నాలుగొందల యాభైకి తెచ్చింది.

మీకు ఇలాంటి గొడవ లేదు. మీకూ చుట్టాలున్నారు, లేకపోలేదు. మీకంటే మూడేళ్లు చిన్న, 1892 నాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభం లాడ్ బజార్ అవతలి కొసనే ఉంది. చౌమహల్లాలో ఖిల్వత్ గడియారం ఉంది. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం ఉంది, అందులో బుల్లి మనిషి గంటకోసారి బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికెళ్లి తలుపేసుకుంటాడు. అందరూ నడిచి వెళ్లేంత దూరంలోనే, అయినా ఒకరింటికి ఒకరు రారు, ఊరు చూపించమని అడగరు. ఆ బుల్లి మనిషి బతుకే బతుకు.

అసలు భయం వేరే ఉంది. నమాజు వేళ దాటాక మక్కా మసీదు ఆవరణలోకి వెళ్లాం. కుతుబ్ షాహీల కాలంలో మొదలుపెడితే ఔరంగజేబు కాలానికి, 1694లో గానీ పూర్తికాని కట్టడం. పావురాలకి గింజలు వేశాక, కొలను పక్కనున్న రాతి బల్ల మీద మావాళ్లు వరసగా చతికిలబడ్డారు. దాని మీద కూర్చున్నవాళ్లు మళ్లీ ఇక్కడికి వచ్చి కూర్చుంటారని ఒక నమ్మకం ఉంది. నేను చెప్పకూడదనే అనుకున్నాను. పక్కనున్న పెద్దాయన చెప్పేశాడు. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "వచ్చే వేసవికి మీ పిన్ని వాళ్లని కూడా తీసుకొస్తాం రా" అని, ఇంకొంచెం గట్టిగా సర్దుకుని కూర్చుంది.

అందుకని నాదొక చిన్న విన్నపం. వాళ్లు మళ్లీ వచ్చే రోజుకి మీలో ముగ్గురు సెలవు పెట్టండి. ఎవరు పనిచేసినా సరే, ఒక్క ముఖమే ఉంటే చాలు. తిరుగుతున్నది ఒక్కటే అయితే జనం దాని కిందే కలుస్తారు. అది ఉత్తరం ముఖమైతే గుల్జార్ హౌజ్ ఎదురుగా ఉంటుంది, తప్పించుకోలేరు.

ఇట్లు,
మీ దక్షిణం ముఖం కింద నిలబడ్డవాడు

తా.క. రాజమండ్రి నుంచి ఇప్పుడే ఫోన్. వీడియో కాల్‌లో పదిసార్లు అడిగి మరీ కొన్న గాజులు రెండు-ఆరు సైజు. వదినకి కావలసింది రెండు-నాలుగట. కొరియర్‌లో పంపుతున్నారు, మార్చి పెట్టాలి. ఆదివారం వస్తాను, పడమటి వైపు.